‘నేనెవరు?’ అన్న ప్రశ్న మనకెందుకు: అపోహలు – వాస్తవాలు

మహబూబ్‌నగర్‌లో కౌన్సెలింగ్ సైకాలజిస్టుగా పనిచేస్తున్నాను. నాగర్‌కర్నూల్, నారాయణపేట వైపు నుంచి, అప్పుడప్పుడు నల్లగొండ నుంచి కూడా నా దగ్గరికి వస్తుంటారు. నిద్ర పట్టడం లేదనో, చదివింది గుర్తుండడం లేదనో, సంబంధం చూస్తుంటే పిల్ల వద్దంటున్నదనో మాట మొదలవుతుంది. కొన్నిసార్లు కూర్చున్నాక అసలు సంగతి బయటికొస్తుంది: “ఇంట్ల ఒకటంటరు, కాలేజీల ఒకటంటరు. నేనేందో నాకే సమజైతలేదు మేడం.”

ఎవరికి వాళ్లు తామెవరో తేల్చుకునే ప్రయత్నం చేయాలా? చేయాలనే నేను గట్టిగా నమ్ముతాను. అయితే ఆ ప్రయత్నం గురించి మన దగ్గర తిరిగే మాటల్లో చాలావరకు మనిషిని తప్పుదారి పట్టించేవే.

అపోహ: ఇది కడుపు నిండినోళ్ల ప్రశ్న. కూలికి పోయేటోళ్లకు ఎందుకు?

ఈ మాట చదువుకున్న పెద్దమనుషుల నోటే ఎక్కువగా వింటాను. వాస్తవం దీనికి పూర్తిగా ఎదురు. తన గురించి తాను చెప్పుకునే వీలు లేని మనిషికి ఎదుటివాళ్లు పేరు పెడతారు, ఆ పేరే నిలుస్తుంది.

పాలమూరు వాళ్లకు దీన్ని విడమరిచి చెప్పనక్కర్లేదు. దేశంలో డ్యాములు, కాల్వలు, రోడ్లు కట్టిన చోటికల్లా మన జిల్లా మనుషులు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని వెళ్లారు. ముంబై, పుణెల్లో అడ్డాల మీద నిలబడ్డారు. వాళ్లలో రాయి చూసి ఎక్కడ పగులుతుందో చెప్పగలిగినవాళ్లున్నారు, పాట కట్టగలిగిన ఆడవాళ్లున్నారు, గుంపు మొత్తం కూలి లెక్కను నోటితో చెప్పగలిగినవాళ్లున్నారు. బయటి లోకం అందరినీ కలిపి ‘పాలమూరు లేబర్’ అన్నది. అవ్వ దగ్గరో, హాస్టల్లోనో పెరిగి డిగ్రీకి వచ్చిన వాళ్ల పిల్లలు ఇప్పటికీ “మా అమ్మానాయిన బొంబైల ఉంటరు” అని చెప్పేటప్పుడు తల దించుకుంటారు. ఆ సిగ్గు వాళ్లలో పుట్టింది కాదు, బయటి నుంచి వచ్చి చేరింది.

నల్లగొండ జిల్లాలో మర్రిగూడ వైపు ఇది ఇంకా కఠినంగా జరిగింది. లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దు దాటిన ఫ్లోరైడ్ నీళ్లు ఏండ్ల తరబడి తాగినందుకు ఎముకలు వంగిపోయిన మనుషులకు ఆ జబ్బే పేరైపోయింది. వాళ్లకు ఏ పని ఇష్టం, ఏ ఆటంటే ప్రాణం అని అడిగినవాళ్లు తక్కువ. ఫొటో తీసుకుని పోయినవాళ్లు ఎక్కువ.

పడ్డ ముద్రకు జవాబు ఎట్లా చెప్పొచ్చో మన గడ్డ మీదే ఒక పెద్ద ఉదాహరణ ఉంది. నిజాం రాజ్యంలో తెలుగు కవులే లేరన్న మాట వచ్చినప్పుడు, గద్వాల ప్రాంతం నుంచి వచ్చిన సురవరం ప్రతాపరెడ్డి 354 మంది కవుల రచనలు సేకరించి 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ తెచ్చారు. మా ఊళ్లలో ఎవరున్నారో, ఏం రాశారో తెచ్చి ముందు పెట్టారు. నా దగ్గరికి వచ్చే పిల్లలకు ఈ సంగతి తప్పకుండా చెబుతాను. తర్వాత వాళ్ల ఇంటి గురించి, వాళ్ల అమ్మకు ఏం చేతనవునో, నాయినకు ఏం తెలుసో రాసుకురమ్మంటాను. కాగితం నింపుకుని వచ్చినప్పుడు వాళ్ల మాటలో తేడా వినబడుతుంది.

అపోహ: అసలైన ‘నేను’ లోపలెక్కడో దాగి ఉంటుంది, కూర్చుని ఆలోచిస్తే దొరుకుతుంది.

ఆధ్యాత్మిక సాధనలో ఆ ప్రశ్నకు ఉన్న చోటు వేరు, దాని జోలికి నేను పోను. కొలువు, పెండ్లి, నమ్మకాలు, స్నేహాల విషయానికొస్తే మాత్రం పరిశోధన చెప్పేది వేరు: వేర్వేరు దారులు వెతికి చూస్తేనే అది తేలుతుంది. ‘ఐడెంటిటీ క్రైసిస్’ (తానెవరో తేలని అయోమయం) అన్న మాటను లోకానికి పరిచయం చేసిన ఎరిక్ ఎరిక్సన్ 1902లో జర్మనీలో పుట్టాడు. కన్నతండ్రి ఎవరో ఆయనకు తెలియదు. యువకుడిగా బొమ్మలు గీస్తూ ఊళ్లు తిరిగాడు, ఆ తర్వాతే మనసు శాస్త్రంలోకి వచ్చాడు. అమెరికా పౌరుడైనప్పుడు ఇంటిపేరు కూడా తానే పెట్టుకున్నాడు.

ఆయన ఆలోచనను పరీక్షకు పెట్టినవాడు జేమ్స్ మార్సియా అనే సైకాలజిస్టు. 1966లో కాలేజీ కుర్రాళ్లను ఉద్యోగం, మతం, రాజకీయాల గురించి ఇంటర్వ్యూ చేసి రెండు సంగతులు చూశాడు: వేర్వేరు దారులు వెతికి చూశారా, ఒకదానికి కట్టుబడ్డారా. వెతక్కుండానే, పెద్దలు చెప్పినదాన్ని పట్టుకుని కట్టుబడినవాళ్లు పైకి చాలా స్పష్టంగా కనిపించారు. తమ శక్తికి మించిన లక్ష్యాలు పెట్టుకున్నది కూడా వాళ్లే. వెతికి చూసి కట్టుబడినవాళ్లు పరీక్షలో ఇచ్చిన కష్టమైన సమస్యల దగ్గర ఎక్కువసేపు నిలిచారు, అందే లక్ష్యాలు పెట్టుకున్నారు.

గ్రూప్స్‌కు చదివే పిల్లలను చూస్తే ఇది రోజూ గుర్తొస్తుంది. ఇంటర్‌లోనే “మా వాడు సర్కారు నౌకరి కొడతడు” అని ఊరంతా చెప్పేశారు. నోటిఫికేషన్ ఆగిపోయినా, పరీక్ష రద్దయినా, వయసు పెరిగినా స్టడీ హాల్ విడిచి రాలేరు, ఎందుకంటే ఆ కుర్చీ బయట తామెవరో వాళ్లకు తెలియదు. చదవడం మానేయమని నేను చెప్పను. వారంలో ఒక పూట వేరే ఏదైనా చేయమంటాను: పక్క బడిలో పిల్లలకు లెక్కలు చెప్పడం, మామ దుకాణంలో ఖాతా చూడటం, పొలంలో డ్రిప్పు పైపులు వేయడం. అట్లా చేస్తుంటేనే మనిషికి తన గురించి కొత్త సంగతులు తెలుస్తాయి.

అపోహ: ఇరవై ఏండ్లకల్లా తేలిపోవాలి.

2013లో అచ్చైన ఒక పరిశోధనలో 18 నుంచి 68 ఏండ్ల వయసున్న 19,000 మందికి పైగా మనుషులను అడిగారు: గత పదేండ్లలో ఎంత మారారు, వచ్చే పదేండ్లలో ఎంత మారతారు? ఏ వయసువాళ్లైనా ఇప్పటిదాకా చాలా మారామన్నారు, ఇక మీదట పెద్దగా మారబోమన్నారు. కాబట్టి “మా పిలగాడు ఇంకా తేల్చుకోలేదు” అని బెంగపడే నాయినా, మీరు కూడా ఇంకా మారుతూనే ఉన్నారు.

అపోహ: సొంతంగా తేల్చుకోవాలంటే ఇంటిని, ఊరిని వదిలేయాలి.

మన దగ్గర మనిషి ఫలానా ఇంటి బిడ్డగా, ఫలానా ఊరి మనిషిగానే తనను చూసుకుంటాడు. దాన్ని లోపంగా చూడనక్కర్లేదు. హేజెల్ మార్కస్, షినోబు కితయామా అనే సైకాలజిస్టులు 1991లోనే బంధాల్లో ఇమిడి ఉన్న ‘నేను’ గురించి వివరంగా రాశారు. గద్వాలలో మగ్గం ఉన్న ఇంటి పిల్లవాడు వేరే పనులు కూడా చూసి, వచ్చి మళ్లీ మగ్గమే పట్టుకుంటే అది అచ్చంగా అతను ఎంచుకున్నదే. వేరేది చూసే వీలు ఇచ్చారా లేదా అన్నదే నేను అడిగేది.

ఆడపిల్లల దగ్గర ఆ వీలు చాలా ఇండ్లలో ఇవ్వరు. “పెండ్లయినంక నీ ఇష్టం” అంటారు. పెండ్లయ్యాక అత్తగారింటి ఇష్టం వస్తుంది. ఇది అన్యాయమని తల్లిదండ్రుల ముందే చెబుతాను.

అపోహ: ఒక్క మాటలో చెప్పగలిగితే స్పష్టత ఉన్నట్టు.

ఫోన్‌లో ఏదో టెస్ట్ రాసి “నేను ఇంట్రావర్ట్‌ను, నాతో కాదు” అని వచ్చేవాళ్లు పెరిగారు. 1948లో బెర్ట్రామ్ ఫోరర్ అనే సైకాలజిస్టు 39 మంది విద్యార్థులకు, మీ మీ వ్యక్తిత్వం ఇదీ అని చెప్పి ఒక్కొక్కరికీ ఒకే కాగితం ఇచ్చాడు. అందులోని వాక్యాలు ఒక జ్యోతిష్యం పుస్తకంలోంచి తీసుకున్నవి. అది తమకు ఎంత సరిపోయిందన్నదానికి అందరూ కలిసి సగటున 5కి 4.26 మార్కులు వేశారు.

జబ్బు పేరును తన పేరుగా చేసుకోవడం ఇంకా ప్రమాదం. “నేను డిప్రెషన్ మనిషిని” అన్న వాక్యాన్ని నా గదిలో నేను సాగనివ్వను. మీకు డిప్రెషన్ ఉంది, దానికి వైద్యం ఉంది, మీరు మంచి క్రికెటర్, చెల్లెకు లెక్కలు చెప్పే అన్న. ఇవన్నీ ఒకే మనిషి. తనను తాను ఎన్నో రకాలుగా చూసుకోగలిగినవాళ్లను ఒకచోట తగిలిన దెబ్బ అంతగా కుంగదీయదని పాట్రీషియా లిన్‌విల్ అనే సైకాలజిస్టు 1980లలో రాసింది. ఆ తర్వాతి పరిశోధనలన్నీ ఆమెతో ఒకేలా ఏకీభవించలేదు గానీ, నేను ఇక్కడ చూస్తున్నదానికి ఆ మాట దగ్గరగా ఉంది.

అపోహ: ఈ అయోమయమే ఒక జబ్బు.

కాదు. ఎదిగే వయసులో ఇది మామూలే. అయితే తిండి, నిద్ర వారాల తరబడి దెబ్బతిన్నా, మనుషులకు మొహం చాటేస్తున్నా, బతకాలని లేదన్న మాట వచ్చినా ఆలస్యం చేయొద్దు. జిల్లా ఆసుపత్రిలో సైకియాట్రిస్టును కలవండి. అంత దూరం పోలేకపోతే సర్కారు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. రాత్రి పగలు పనిచేస్తుంది, పైసా ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.