నీళ్ళు బ్యాగులోకి దూరే దారులు: అపోహలు – వాస్తవాలు

తిరుపతిలో గట్టి వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టిందంటే రెండు మూడు రోజులు ముసురు వదలదు. 2021 నవంబరులో కపిలతీర్థం దగ్గర దూకిన వరదను చూసినవాళ్ళకు మళ్ళీ చెప్పక్కర్లేదు. ఆ కాలం దగ్గరపడేసరికి అంగట్లో ప్రతి బ్యాగూ వాటర్‌ప్రూఫే అవుతుంది. "అన్నా, బకెట్ నీళ్ళు పోసినా చుక్క దిగదు" అంటారు. గుడ్డ ముక్క మీద పోస్తే ఆ మాట నిజమే. కుట్టి తయారైన బ్యాగు మీద పోస్తే సంగతి వేరు. కాలేజీ బ్యాగైనా, ల్యాప్‌టాప్ బ్యాగైనా, క్రికెట్ కిట్టైనా, గోల్ఫ్ బ్యాగైనా లెక్క ఒకటే. కుట్టేవాళ్ళుగా, రిపేరు చేసేవాళ్ళుగా మాకు తరచూ ఎదురయ్యే అపోహలు ఇక్కడ రాస్తున్నాం.

అపోహ: గుడ్డ మంచిదైతే బ్యాగు తడవదు.

వాస్తవం: పూత ఉన్న గుడ్డలోంచి నీళ్ళు దిగడం అరుదు. దిగేది కుట్టులోంచి. 3 మిల్లీమీటర్లకు ఒక కుట్టు పడితే మీటరుకు 333 సూది రంధ్రాలు. మామూలు బ్యాగులో పక్కలు, అడుగు, జిప్పులు, భుజం పట్టీల అతుకులు కలిపితే ఐదు మీటర్ల కుట్టు సులువుగా తేలుతుంది. అంటే 1,600కు పైగా రంధ్రాలు. దారం ఆ రంధ్రాన్ని పూర్తిగా పూడ్చదు. కాటన్ దారమైతే నీటిని పీల్చి తానే లోపలికి తెస్తుంది, తడిసి తడిసి పుచ్చిపోతుంది కూడా. పాలిస్టర్ దారమో, నైలాన్ దారమో ఉండాలి.

అంగట్లోనే చూడగలిగేవి ఉన్నాయి. బ్యాగు లోపలి వైపు తిరగేసి కుట్టు మీద వేలు పెట్టండి. రెండు సెంటీమీటర్ల వెడల్పున నున్నటి టేపు వేడితో అతికించి ఉంటే అది సీమ్ టేపు. అది ఉన్న బ్యాగు వానకు నిలబడుతుంది. గుడ్డ అంచు చుట్టూ కుట్టిన పైపింగ్ పట్టీని చూపించి అదే టేపు అంటారు. పైపింగ్ పోగులు ఊడకుండా చూస్తుంది, నీటిని ఆపదు. లోపల లైనింగ్ వేసి కుట్టేస్తే అసలు కుట్టు కంటికి కనబడదు. తక్కువ ధర బ్యాగులో అందమైన లైనింగ్ కనబడితే మాకు మొదట అనుమానమే వస్తుంది. లైనింగ్ లేని బ్యాగైతే ఇంకో పరీక్ష ఉంది. ఫోన్ టార్చి వెలిగించి లోపల పెట్టి, నీడలోకి తీసుకెళ్ళి కుట్ల వెంబడి చూడండి. చుక్కలు చుక్కలుగా వెలుతురు కనిపించిన ప్రతిచోటా వాన దూరుతుంది.

కుట్లు ఎంత దగ్గరగా ఉంటే అంత గట్టి అనుకోవడం కూడా పొరపాటే. మరీ దగ్గరైతే గుడ్డ తపాలా బిళ్ళ అంచులా చిల్లులు పడి, బరువు పడగానే ఆ గీత వెంబడే చినుగుతుంది. అంగుళానికి 6 నుంచి 8 కుట్లు, కుట్టు అవతల కనీసం ఒక సెంటీమీటరు గుడ్డ వదిలి ఉండాలి. అతుకును రెండు చేతులతో విడదీసినట్టు లాగి చూడండి. దారం నిచ్చెన మెట్లలా బయటపడితే మిషన్ మీద దారం బిగువు సరిగ్గా లేదన్నమాట.

ఉన్న బ్యాగును బాగుచేసుకోవాలంటే సీమ్ సీలర్, అంటే కుట్టు రంధ్రాలను పూడ్చే జిగురు దొరుకుతుంది. లోపలి వైపు కుట్టును స్పిరిట్‌తో తుడిచి ఆరనివ్వండి. కుట్టుకు అటూ ఇటూ సెంటీమీటరు చొప్పున బ్రష్‌తో పల్చగా పూసి, ఆరాక రెండో పూత వేయండి. ఒక రోజంతా ఆరనిచ్చి, అంటుకోకుండా పైన కాస్త టాల్కమ్ పౌడర్ చల్లండి. సిలికాన్ పూత గుడ్డకు సిలికాన్ సీలరే పట్టుతుంది, పీయూ (పాలీయురెథేన్) పూతకు పీయూ సీలర్ వాడాలి. ఇన్‌స్టంట్ గమ్ జోలికి పోకండి. అది గాజులా గట్టిపడుతుంది, గుడ్డ మడతపడగానే పగిలి పక్కన కొత్త చిల్లు చేస్తుంది.

అపోహ: డెనియర్ ఎక్కువుంటే నీళ్ళు ఆగుతాయి.

వాస్తవం: డెనియర్ నూలు బరువును చెప్పే అంకె. 9,000 మీటర్ల నూలు 600 గ్రాములు తూగితే అది 600 డెనియర్. 1680 డెనియర్ గుడ్డ మందంగా, గరుకుగా ఉంటుంది, రాపిడికి ఓర్చుకుంటుంది. పూత లేకపోతే దాని నేతలోంచి నీళ్ళు హాయిగా దిగిపోతాయి. నీటిని ఆపేది వెనక ఉండే పీయూ పూత, లేదా పీవీసీ పూత. గుడ్డకు నోరు ఆనించి గట్టిగా ఊదండి. గాలి అవతలికి పోతే నీళ్ళూ పోతాయి. రోజువారీ బ్యాగుకు 600 డెనియర్ పాలిస్టర్ చాలు, అడుగు భాగం మాత్రం 900కు పైగా ఉంటే మంచిది. నైలాన్ రాపిడికి గట్టిది, కానీ ఎండకు పాలిస్టరే ఎక్కువ కాలం ఆగుతుంది, నీటినీ తక్కువ పీలుస్తుంది. మన ఎండలకు పాలిస్టర్ కొనడంలో తప్పేమీ లేదు.

అపోహ: 10,000 మిల్లీమీటర్లు అని రాసుంటే ఇక తిరుగులేదు.

వాస్తవం: గుడ్డ మీద నిలువు గొట్టం పెట్టి నీళ్ళు నింపుతూ పోతే, ఎంత ఎత్తుకు చేరినప్పుడు అవతల చుక్కలు పుడతాయో ఆ ఎత్తే ఈ అంకె. కొత్త గుడ్డకు, కుట్టు లేని చోట చేసే పరీక్ష అది. 8 కిలోల బ్యాగును తడినేల మీద పెట్టారనుకోండి. అడుగు 30 సెంటీమీటర్లు, 15 సెంటీమీటర్లు అయితే 450 చదరపు సెంటీమీటర్లు. చదరపు సెంటీమీటరుకు పడేది 18 గ్రాములు, అంటే 180 మిల్లీమీటర్ల నీటి ఒత్తిడి. 1,500 ఉన్న గుడ్డ కూడా దాన్ని నవ్వుతూ భరిస్తుంది. అదే బ్యాగు గోడకు ఒరిగి ఒక మూల మీద, 10 చదరపు సెంటీమీటర్ల మీద నిలబడితే లెక్క 8,000కు ఎగబాకుతుంది. బస్టాండ్ గచ్చు మీద రాసుకుని పూత అరిగేది కూడా ఆ మూలలే. కాబట్టి లేబుల్ అంకె వదిలేసి మూలలు పట్టుకుని చూడండి. రెండో పొర గుడ్డో, రబ్బరు బుడిపెలో ఉన్నాయా అన్నదే ముఖ్యం.

నీళ్ళు లోపలికి రాకుండా ఎంత ఆపుతుందో చెప్పే ఐపీఎక్స్ అంకెలూ అంతే. ఆ పద్ధతి విద్యుత్ పరికరాల కోసం పెట్టింది. ఐపీఎక్స్7 అంటే మీటరు లోతు నీళ్ళలో అరగంట. మామూలు కుట్టు, మామూలు జిప్పు ఉన్న బ్యాగు మీద ఆ అంకె కనిపిస్తే అమ్మేవాళ్ళు మీ ఓపికను పరీక్షిస్తున్నారని అనుకోవచ్చు. వెల్డింగ్‌తో అతికించి, మూతిని చుట్టి బిగించే టార్పాలిన్ బ్యాగులు వేరు. వాటికి కుట్టే ఉండదు. తక్కువ ధరలో నిజంగా నీళ్ళు ఆపేవి అవే. బరువెక్కువ, అరలు ఉండవు, చేతికి కావలసిన వస్తువు ఎప్పుడూ అడుగునే ఉంటుంది. మూతిని కనీసం మూడు చుట్లు చుట్టాలి. ఒక్క చుట్టుతో బకిల్ పెట్టి, బ్యాగు మంచిది కాదంటే ఎలా?

అపోహ: నీటి బొట్లు ముత్యాల్లా జారిపోతున్నాయి, ఇంకేం కావాలి?

వాస్తవం: అది గుడ్డ పైన చల్లిన పల్చటి రసాయనం పని. నాలుగు ఉతుకులకు, భుజాల రాపిడికి పోతుంది. పోయాక పైగుడ్డ తడిసి బరువెక్కుతుంది తప్ప, వెనక పూత బాగుంటే లోపలికి దిగదు.

అపోహ: వాటర్‌ప్రూఫ్ జిప్పు ఉంది కదా.

వాస్తవం: నున్నటి ప్లాస్టిక్ పొర ఉన్న ఆ జిప్పు జల్లును ఆపుతుంది. కుండపోతను ఆపదు. ముఖ్యంగా రెండు రన్నర్లున్న బ్యాగులో రెండూ నడినెత్తిన కలిస్తే మధ్యలో చిటికెన వేలి గోరంత సందు మిగులుతుంది, వాన సరిగ్గా అక్కడే కురుస్తుంది. రెండింటినీ ఒక పక్కకు, జిప్పును కప్పే గుడ్డ రెప్ప కిందికి లాగి పెట్టండి. నైలాన్ చుట్టలే పళ్ళుగా ఉండే మామూలు కాయిల్ జిప్పే అయినా పైన మూడు సెంటీమీటర్ల రెప్ప ఉంటే, రెప్పలేని ఖరీదైన జిప్పు కంటే మా ఓటు దానికే.

జిప్పు సైజు రన్నర్ వెనక అచ్చువేసి ఉంటుంది: 3, 5, 8, 10. పళ్ళు మూసుకున్నాక ఉండే వెడల్పు దాదాపు అన్ని మిల్లీమీటర్లు. పెద్ద అరకు 8 గానీ 10 గానీ ఉండాలి, బయటి అరకు 5 చాలు. జిప్పు వెనక నుంచి విచ్చుకుంటోందంటే చాలాసార్లు పళ్ళ తప్పు కాదు, రన్నర్ అరిగి వదులైంది. కటింగ్ ప్లేయర్‌తో రన్నర్ రెండు పక్కలా మెల్లగా నొక్కితే కొన్నాళ్ళు నడుస్తుంది. అదే నంబరు రన్నర్ మార్పించుకుంటే జిప్పంతా మార్చే ఖర్చు తప్పుతుంది.

అపోహ: రెయిన్ కవర్ తొడిగితే చాలు.

వాస్తవం: కవరు మూడు వైపులే కప్పుతుంది. వీపు వైపు ఖాళీ. ఘాట్ రోడ్డులో బైకు మీద వానలో వస్తుంటే రెయిన్‌కోటు మీద పడిన నీళ్ళు వీపు మీదుగా జారి, భుజం పట్టీలు బ్యాగులో కలిసే కుట్టు దగ్గర చేరతాయి. పట్టీలో ఉన్న ఫోమ్ నీటిని పీల్చి పట్టి, వాన ఆగాక కూడా గంటసేపు లోపలికి వదులుతుంటుంది. కవరు అడుగున చిన్న రంధ్రం లేకపోతే ఇంకో తంటా: దిగిన నీళ్ళన్నీ గోతంలో నిలిచినట్టు నిలిచి, బ్యాగు అడుగు నానుతుంది. రంధ్రం లేకపోతే మీరే ఒక ఐలెట్ (రంధ్రానికి బిగించే రింగు) వేయించుకోండి.

మెట్ల దారిన కొండెక్కేవాళ్ళకు సమస్య తిరగబడుతుంది. అలిపిరి దారికి చాలావరకు పైకప్పు ఉంది, పెద్ద సామాను అలిపిరి కౌంటర్‌లో ఇచ్చేస్తే తిరుమలకు చేరుతుంది. వెంట ఉండే చిన్న బ్యాగును తడిపేది మూడు వేల అయిదు వందల పైచిలుకు మెట్లలో కారే చెమట. వీపు వైపు జాలీ గుడ్డ వెనక పూత లేని ఫోమ్ ఉంటే చెమట నేరుగా ఆధార్ కార్డు దాకా పోతుంది. కాగితాలు వీపు వైపు అరలో పెట్టకండి.

అపోహ: పాలిథిన్ కవరు వేసుకోవడం చవకబారు పని.

వాస్తవం: మాకు తెలిసినంతలో పెట్టిన రూపాయికి అంత ఫలితమిచ్చేది మరొకటి లేదు. యూరియా మూటే చూడండి, పైన నేసిన సంచి బరువు మోస్తుంది, లోపలి ప్లాస్టిక్ కవరు తేమను ఆపుతుంది. 30 లీటర్ల బ్యాగుకు 60 సెంటీమీటర్ల వెడల్పు, 90 సెంటీమీటర్ల పొడవు, 400 గేజ్ కవరు తీసుకోండి. 400 గేజ్ అంటే 100 మైక్రాన్లు. పల్చటి క్యారీ బ్యాగు ఛార్జర్ పిన్ను తగిలితేనే చిరుగుతుంది. బ్యాగులో కవరు పరిచి, సామాను సర్ది, గాలి నొక్కి తీసి, మూతిని మూడు చుట్లు చుట్టి కిందికి మడవండి. బడ్జెట్ తక్కువైతే గట్టి కుట్టు, మంచి జిప్పు ఉన్న మామూలు బ్యాగు కొని ఈ కవరు వేసుకోండి. మూడు రెట్ల ధర పెట్టి వాటర్‌ప్రూఫ్ అన్న లేబుల్ కొనడం కంటే మేలు.

అపోహ: వాడకుండా దాచిపెడితే బ్యాగు కొత్తగానే ఉంటుంది.

వాస్తవం: మన ఊళ్ళో బ్యాగులను వాన కంటే ఎక్కువ చంపేది అటక. పీయూ పూతకు వేడీ తేమా కలిస్తే పడదు. గాలిలోని తేమ పూతలోని బంధాలను మెల్లగా విరగ్గొడుతుంది, వేడి ఆ పనిని తొందరపెడుతుంది. వానాకాలంలో కాస్త తడి ఉండగానే మడిచి, ప్లాస్టిక్ కవరులో చుట్టి అటక మీద పడేస్తారు. మేలో బయట నలభై దాటుతుంది, స్లాబు కింద అంతకన్నా ఎక్కువ. అక్టోబరులో దించేసరికి లోపలంతా జిగురు, పుల్లటి వాసన, బట్టలకు అంటుకునే పొట్టు. ఎండలో నిలిపిన కారు డిక్కీలో వదిలేసినా ఇదే జరుగుతుంది. పీవీసీ పూతది వేరే జబ్బు. దాన్ని మెత్తగా ఉంచే పదార్థం ఏళ్ళ తరబడి బయటికి పోయి, బిరుసెక్కి మడతల దగ్గర పగులుతుంది. రెండింటికీ మందు ఒకటే: బాగా ఆరబెట్టి, జిప్పులు తెరిచి, మడవకుండా, గాలి ఆడే గదిలో మేకుకు తగిలించడం. మేడ మీద ఎండలో కాదు, నీడలో ఆరబెట్టాలి.

అపోహ: వాటర్‌ప్రూఫ్ బ్యాగులో పెట్టిన సామాను భద్రం.

వాస్తవం: బయటి నీటిని రానివ్వని బ్యాగు లోపలి తేమనూ పోనివ్వదు. చెమట పట్టిన ప్యాడ్లు, గ్లౌజులు క్రికెట్ కిట్టులో వేసి జిప్పు పెడితే రెండు రోజుల్లో బూజు, కొన్నాళ్ళకు బ్యాటు కొయ్య ఉబ్బు. ఇంటికి రాగానే అన్నీ బయటికి తీయాలి. గోల్ఫ్ బ్యాగుకైతే మూతే ఉండదు. నిబంధనలు అనుమతించే 14 క్లబ్బులు (బంతిని కొట్టే కర్రలు) తలలు బయటపెట్టుకునే ఉంటాయి. గుడ్డ ఎంత గొప్పదైనా పైన రెయిన్ హుడ్ బిగించకపోతే వాన నేరుగా అడుక్కు చేరి, చేత్తో పట్టుకునే గ్రిప్పులన్నీ ఆ నీళ్ళలో నానుతాయి. కొనేటప్పుడు హుడ్ బ్యాగుతోపాటే ఇస్తున్నారా, దాని బటన్లు సరిగ్గా పడుతున్నాయా చూడండి. స్టాండు కాళ్ళను బిగించిన స్క్రూల చోట లోపలి వైపు తడిమి చూడండి, చాలా బ్యాగుల్లో చిల్లులు అక్కడే. ఆడి వచ్చాక క్లబ్బులు తీసి, బ్యాగును తలకిందులుగా ఆనించండి.

అపోహ: వాషింగ్ మెషీన్‌లో వేస్తే సరి.

వాస్తవం: వేయకండి. తిప్పుడుకు పూత, టేపు రెండూ లేస్తాయి. గోరువెచ్చని నీళ్ళు, కొద్దిగా షాంపూ, మెత్తటి బ్రష్ చాలు.

అపోహ: పాడైన బ్యాగు దేన్నైనా బాగుచేయవచ్చు.

వాస్తవం: రన్నర్, బకిల్, ఊడిన పట్టీ, విడిపోయిన అతుకు, ఇవన్నీ చేయించుకోదగ్గవే. పట్టీ మళ్ళీ కుట్టించేటప్పుడు ఒక్క వరస కుట్టు ఒప్పుకోకండి. చతురస్రం, మధ్యలో అడ్డగీతలు వచ్చేలా కుట్టి, వెనక ఇంకో గుడ్డ ముక్క వేయమనండి. గోటితో గీకితే పూత పొట్టులా లేస్తున్న బ్యాగు మీద మాత్రం డబ్బు పెట్టకండి. సీలరైనా టేపైనా ఆ పొట్టుకే అంటుకుని దానితోపాటే ఊడి వస్తుంది. దాని బకిళ్ళు, రన్నర్లు విప్పి దాచుకోండి, ఇంకో బ్యాగుకు పనికొస్తాయి.