రైతుకి జీతం ఎంత?

ఎం.వి.పి. కాలనీ,
విశాఖపట్నం.

చిరంజీవులు పిల్లలందరికీ, తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఆదివారం రైతు బజారులో మీలో అందరికంటే చిన్నది నా చొక్కా పట్టుకుని లాగి ఒక మాట అడిగింది, గుర్తుందా? "తాతయ్యా, రైతుకి జీతం ఎంత?" అని. పక్కన వంకాయలు ఏరుకుంటున్నావిడ నవ్వింది. టమాటా రాశి వెనక కూర్చున్న రైతు మాత్రం నవ్వలేదు. నేనేం చెబుతానా అని నా మొహంలోకి చూశాడు. ఎండెక్కుతోంది, పదండి పదండి అని మిమ్మల్ని ఇంటికి తీసుకొచ్చేశాను. ఆ చూపు మాత్రం నాతోపాటే ఇంటికొచ్చింది. అందుకే ఈ ఉత్తరం.

నేను ముప్పై ఏళ్ళు పల్లెటూళ్ళలో బ్యాంకు ఉద్యోగం చేశానని మీకు తెలుసు. పంట రుణాలు రాయడం నా పని. దరఖాస్తులో సర్వే నంబరుకి ఒక గడి, ఎన్ని ఎకరాలో రాయడానికి ఒక గడి, పంటకి ఒకటి, నీటి వసతికి ఒకటి. ఎకరా వరికి ఇంత, ఎకరా చెరకుకి ఇంత అని పై నుంచి పట్టిక వచ్చేది. దాన్ని ఎకరాలతో హెచ్చవేసి అంకె రాసేవాణ్ణి. ఆ ఇంట్లో ఎంతమంది తింటారు, పిల్లలెందరు చదువుతున్నారు, ముసలివాళ్ళ మందులకెంత అని అడిగే గడి ఆ కాగితంలో లేదు. నేనూ అడగలేదు.

పద్మనాభం వైపు ఒక పెద్దాయన వరికని తీసుకున్న అప్పులో సగం కూతురి కాన్పుకి ఆసుపత్రిలో కట్టేశాడు. ఎరువు వెయ్యలేకపోయాడు, పంట దెబ్బతింది, బాకీ నిలిచిపోయింది. నేను రిజిస్టర్లో "రుణం వేరే పనికి వాడుకున్నాడు" అని రాసి సంతకం పెట్టాను. ఆ మాటతో మరుసటేడు ఆయనకి అప్పు పుట్టలేదు, ఊళ్ళో వడ్డీవ్యాపారి దగ్గరకెళ్ళాడు. వెళ్ళేముందు నా బల్ల దగ్గర నిలబడి అన్నాడు: "బాబూ, చేను ఖర్చు మీరు రాసుకున్నారు. మా ఇంటి ఖర్చు ఎవులు రాస్తారు?"

రిటైరై ఇన్నేళ్ళయినా ఆ ప్రశ్నకి నేను బాకీపడే ఉన్నాను. మన చిన్నదాని ప్రశ్నా అదే.

మన భాషలో "చాలీచాలని ఆదాయం" అంటాం. మరి చాలే ఆదాయం అంటే ఎంత? దాన్ని లెక్కకట్టే పద్ధతి ఉంది, చేను దగ్గర కాకుండా ఇంటి దగ్గర మొదలవుతుంది. ఆ ఊళ్ళో నలుగురైదుగురున్న కుటుంబానికి ఏడాది పొడుగునా కడుపునిండా మంచి తిండికి ఎంత, కురవని ఇంటికి ఎంత, నీళ్ళకి, బట్టలకి, చదువుకి, వైద్యానికి ఎంత అని వరసగా రాస్తారు. ఆ పైన అనుకోకుండా మీదపడే ఖర్చుకి కొంత కలుపుతారు. ఆ పెద్దాయన కూతురి కాన్పుకి చోటు దొరికేది ఈ ఆఖరి పద్దులోనే. అప్పుడు ఇటువైపు ఆ కుటుంబానికి నిజంగా వచ్చేది రాస్తారు. అమ్ముకున్న పంట, ఇంట్లో వండుకు తిన్న సొంత బియ్యం, పాల డబ్బు, కూలి డబ్బు, అన్నీ లెక్కే. రెండు అంకెల మధ్య ఎంత ఎడముందో అంతా ఆ కుటుంబం ఎక్కడో కడుపు కట్టుకున్నట్టు, లేదా అప్పు తెచ్చుకున్నట్టు.

ఈ లెక్క గురించి ప్రపంచంలో గట్టిగా మాట్లాడుకున్నది మీకిష్టమైన చాక్లెట్ విషయంలోనే. ఆఫ్రికాలో ఘనా, ఐవరీ కోస్ట్ అనే రెండు దేశాలు ప్రపంచపు కోకో గింజల్లో సగానికి పైగా పండిస్తాయి. పండించేది దాదాపు అంతా చిన్న రైతులే. 2019లో ఆ రెండు దేశాలూ ఒక్కమాట మీద నిలబడి, రైతుకి చాలే ఆదాయం కోసమని టన్నుకి 400 డాలర్లు అదనంగా ఇచ్చి తీరాలన్నాయి. మంచి పనే. కానీ కొనేవాళ్ళు ఈ చేత్తో ఇచ్చి, అప్పటిదాకా ఆ దేశాల గింజకి విడిగా ఇస్తున్న అదనపు ధరను ఆ చేత్తో తగ్గించుకున్నారు. ధర ఒక్కదాన్నే పట్టుకుని లాగితే పని అంత తేలిగ్గా అవదని అక్కడ తెలిసింది.

ఇప్పుడు మన వరి సంగతి చూద్దాం. కాగితం, పెన్సిలు తీసుకోండి. మన వైపు చెరువు కింద ఎకరా పొలం, ఏడాదికి ఒకటే పంట. పాతిక బస్తాలు పండిందనుకుందాం, బస్తా ఎనభై కిలోలు. అంటే 20 క్వింటాళ్ళు. 2025-26కి సాధారణ రకం ధాన్యం మద్దతు ధర క్వింటాలుకి 2,369 రూపాయలు. పూర్తి ధర దొరికిందనే అనుకున్నా 47,380. దుక్కి, విత్తనం, ఉబాలు (నాట్లు), ఎరువు, కోత, నూర్పు, బస్తాల మోత కలిపి ముప్పై వేలు వేసుకోండి. మిగిలింది 17,380. పన్నెండుతో భాగించండి. నెలకి 1,448 రూపాయలు. మీ స్కూలు వ్యానుకి నెలకెంత కడుతున్నారో అమ్మనడిగి పక్కన రాయండి.

ఒకవేళ ఎవరో దేవుడిలాంటివాడు వచ్చి ధర రెట్టింపు చేశాడనుకోండి. నెలకి 5,400 దగ్గరికొస్తుంది. అప్పుడూ చాలదు. ఎకరా ఉన్నవాడికి మంచి ధర రావాల్సిందే, కాని దానితో ఇల్లు గడవదు. ఇది నేను ఉద్యోగంలో ఉండగా ఎవరూ చెప్పని నిజం. దేశంలో నూటికి 86 కమతాలు, అంటే రైతులు సాగుచేసే భూములు, అయిదెకరాల లోపువే అని 2015-16 వ్యవసాయ గణన చెప్పింది. అందుకే రైతులు కూలికి పోతారు. 2018-19లో జాతీయ నమూనా సర్వే దేశమంతా తిరిగి చూస్తే రైతు కుటుంబానికి నెలకి సగటున 10,218 రూపాయలు వస్తోంది. అందులో పంట మీద వచ్చేది 3,798, కూలి మీద వచ్చేది 4,063. ఆ రెండు అంకెలూ ఇంకోసారి చదవండి. రైతు అని మనం పిలిచే మనిషికి సొంత చేను కంటే పరాయి పని ఎక్కువ పెడుతోంది. అదే సర్వేలో మన రాష్ట్రంలో రైతు కుటుంబం మీద సగటు అప్పు 2,45,554 రూపాయలని తేలింది, దేశంలో అదే అన్నిటికంటే ఎక్కువ.

ఎం.ఎస్. స్వామినాథన్ గారి అధ్యక్షతన జాతీయ రైతుల కమిషన్ 2004 నుంచి 2006 వరకు పనిచేసింది. పంట ఖర్చు మీద కనీసం సగం కలిపి మద్దతు ధర ఇవ్వాలన్న దాని సిఫార్సు అందరికీ తెలుసు. రైతు చేతికొచ్చే నికర ఆదాయం ప్రభుత్వోద్యోగి ఆదాయంతో పోల్చదగ్గట్టు ఉండాలని కూడా అది చెప్పింది. అంటే మన చిన్నది బజారులో అడిగిన జీతం ప్రశ్నే.

మరి దారి ఏది? నాకు కాస్త ఆశ కలిగించింది అరకు. పోయినేడు రైల్లో వెళ్ళాం కదా, సొరంగాలు లెక్కపెడుతూ. ఆ కొండవాలుల్లో సిల్వర్ ఓక్ చెట్ల నీడలో మీరు చూసిన పొదలు కాఫీ. చాలామంది గిరిజన రైతులకి ఉన్నది ఎకరా, రెండెకరాలే. అయితే ఆ ఎకరాలో కింద కాఫీ, చెట్టుకి అల్లుకుని మిరియం తీగ. ఒకదాని ధర పడిపోయిన ఏడు రెండోది ఆదుకుంటుంది. తినడానికి వేరే గట్టున వరి, చోళ్ళు (రాగులు) ఉంటాయి.

ఇందులో కిటుకు పండు కోసిన రోజున ఉంటుంది. ఎర్రగా పండిన కాయలు మాత్రమే ఏరి కొయ్యాలి. పచ్చివీ దోరవీ కలిపి దూస్తే పని తొందరగా అవుతుంది, రుచి పోతుంది. కోసిన రోజే తొక్క తీయించి, కడిగి, ఎండబెట్టాలి. ఆ మిషను ఊళ్ళో లేనివాడు పండుని పండుగానే ఎండబెట్టి తక్కువకి అమ్ముకుంటాడు. సుమారు ఆరు కిలోల పండు ఉంటే కిలో గింజ తేలుతుంది. కాబట్టి పండు అమ్మేవాడికీ, కడిగి ఎండబెట్టిన గింజ అమ్మేవాడికీ ఆదాయంలో చాలా తేడా. ఒక్కడు మిషను కొనలేడు. ఊరు కలిస్తే కొనగలదు. గిరిజన సహకార సంస్థ 1956లో పుట్టింది, దాని ప్రధాన కార్యాలయం మన విశాఖలోనే ఉంది. అది సీజనుకి ముందే కొనే ధర చెప్పేస్తే, సంతలో వ్యాపారి అంతకంటే బాగా తగ్గించి అడగలేడు. 2019లో అరకు లోయ అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది, అంటే ఆ పేరు ఆ ప్రాంతపు సరుకుకే చెల్లుతుంది. పేరుకి కూడా ధర ఉంటుంది పిల్లలూ. ఆ పేరు రైతుదయితే ధరా రైతుదవుతుంది. ఊరూపేరూ లేని బస్తాలో కలిసిపోతే ఆ ధర బస్తా మీద ముద్ర వేసినవాడిది.

బెల్లం సంగతి దీనికి తిరగబడింది. అనకాపల్లి బెల్లం మార్కెట్టు దేశంలోనే పేరున్నది. కాని కొనేవాళ్ళు రంగు చూసి ధర కడతారు. తెల్లగా మెరిసే దిమ్మ కోసం రసాయనం కలిపిన రైతుకి ఎక్కువ, ఏమీ కలపక నల్లగా వండినవాడికి తక్కువ. మీ అమ్మకి ఈ ముక్క చదివి వినిపించండి.

మన రైతు బజారు కూడా ఇలాంటి ప్రయత్నమే. 1999 జనవరి 26న రాష్ట్రంలో మొదలయ్యాయి. పండించినవాడే కార్డు పెట్టుకుని నేరుగా అమ్ముతాడు. రేటు బోర్డు మీద రాస్తారు, టోకు ధరకి పైన, బయటి చిల్లర ధరకి కింద. దళారి తినే వాటాలో కొంత రైతుకి, కొంత మనకి మిగులుతుంది. ఆ రైతు అందుకోసం తెల్లవారకముందే బుట్టలు ఎక్కించుకుని వస్తాడని, ఆ ఆటో బాడుగ కూడా చేను ఖర్చులో రాయాలని మర్చిపోకండి.

ఒక్క మాట దాచకుండా చెప్పాలి. పైన వేసిన వరి లెక్క సొంత పొలం వాడిది. కౌలు రైతయితే ఆ 17 వేలల్లోంచే కౌలు కట్టాలి. సాయాలూ అప్పులూ చాలావరకు భూమి పట్టా ఉన్నవాడి పేరునే వస్తాయి, చెమట ఇంకొకరిది. మన రాష్ట్రంలో 2019లో వచ్చిన చట్టం కౌలు రైతుకి పదకొండు నెలల సాగు హక్కు కార్డు ఇస్తానంది, కాని భూమి యజమాని ఒప్పుకుంటేనే. పొలం చేజారిపోతుందేమోనని యజమాని సంతకం పెట్టడు. ఈ ఒక్క ముడి విప్పకుండా మిగతావి ఎన్ని చేసినా ఆ కుటుంబాలకి చేరవు. నా ఉద్యోగంలో నేను ఎక్కువ అన్యాయం చేసింది వాళ్ళకే. కాగితం లేదని ఎంతమందిని గుమ్మం నుంచే పంపేశానో.

నిన్న ఒక్కణ్ణే బజారుకి వెళ్ళి ఆ టమాటా రైతుతో మాట్లాడాను. ఆనందపురం అవతల ఊరు, ఎకరన్నర, అందులో అర ఎకరం కౌలు. మా పిల్లలు నీ లెక్క రాసుకుంటామంటున్నారు, చెబుతావా అన్నాను. "రాసుకోనీండి బాబూ, నాకూ తెలుస్తాది" అన్నాడు. వచ్చే ఆదివారం అయిదున్నరకల్లా గేటు దగ్గరుండండి. ఒక కొత్త నోటుపుస్తకం తెచ్చుకోండి. ఎడమ పేజీ ఇంటికి, కుడి పేజీ చేనుకి. ఎడమ పేజీ ముందు రాద్దాం.

ఇట్లు,
మీ తాతయ్య