జ్వరం లేకపోయినా వారం వారం రక్తపరీక్ష ఎందుకు?

చెన్నై గ్రీమ్స్ రోడ్డు చుట్టుపక్కల అద్దె గదుల్లో నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి వైద్యానికొచ్చిన మనవాళ్లు ఎప్పుడూ ఉంటారు. పిల్లాడికి మూలకణ మార్పిడి (బోన్ మ్యారో ట్రాన్స్‌ప్లాంట్) అయి, డిశ్చార్జి చేశాక కూడా వెంటనే ఊరెళ్లడానికి లేదు. "బాగానే తింటున్నాడు, జ్వరం కూడా లేదు. మళ్లీ సూదెందుకండీ?" అని తల్లి అడిగితే తప్పులేదు.

ఆ సూది సీఎంవీ (సైటోమెగలోవైరస్) అనే వైరస్ కోసం. మన దేశంలో చాలామందికి ఇది చిన్నతనంలోనే సోకుతుంది. ఒంట్లోంచి పూర్తిగా మాత్రం పోదు, కొన్ని కణాల్లో నక్కి ఉంటుంది. దాన్ని అణిచి ఉంచేవి టీ కణాలు అనే రోగనిరోధక కణాలు. మార్పిడికి ముందిచ్చే కీమోతో పాతవి చాలావరకు పోతాయి, కొత్తవి పని అందుకోవడానికి నెలలు పడుతుంది. దాత సగమే మ్యాచ్ అయినా, దాత కణాలు రోగి ఒంటి మీదే దాడి చేసే జబ్బుకు (జీవీహెచ్‌డీ) స్టెరాయిడ్లు వాడాల్సి వచ్చినా ఇంకా ఆలస్యం. ఈలోగా వైరస్ లేచి ఊపిరితిత్తులకు పాకితే, మందులున్నా ప్రాణం నిలపడం చాలా కష్టం.

అందుకే లక్షణాల కోసం ఆగరు. కనీసం 100 రోజుల దాకా వారం వారం పీసీఆర్‌తో రక్తంలో వైరస్ డీఎన్ఏ ఎంతుందో కొలుస్తారు. అంకె హద్దు దాటితే గాన్‌సైక్లోవిర్ అనే వైరస్ మందు మొదలుపెడతారు. కానీ అది అప్పుడప్పుడే పెరుగుతున్న తెల్లకణాలను పడగొడుతుంది. ఫోస్కార్నెట్ అనే ఇంకో మందు రక్తకణాల కౌంట్ల జోలికి అంతగా పోదు గానీ కిడ్నీలను దెబ్బతీస్తుంది. సెలైన్ ఎక్కిస్తూ పొటాషియం, మెగ్నీషియం, కాల్షియం చూసుకుంటూ ఇవ్వాలి. 2017లో అమెరికాలో అనుమతి పొందిన లెటర్మోవిర్ అనే మందును వైరస్ లేవకముందు నుంచే ఇస్తారు, అది ఎముక మజ్జను దెబ్బతీయదు. ఖరీదు మాత్రం చాలా ఎక్కువ. పైగా హెర్పిస్, సర్పి మీద అది పనిచేయదు కాబట్టి వాటి కోసం ఇచ్చే ఎసైక్లోవిర్ మాత్రలు మానకూడదు.

మార్పిడి తర్వాత ఇలాగే లేచే బీకే అనే ఇంకో వైరస్ దారి వేరు. అది మూత్రంలో మంట, రక్తంతో బయటపడుతుంది. దానికి గట్టి మందు ఇంకా లేదు.

మందులకంటే ఆ వారం వారం సీఎంవీ అంకే ఎక్కువ మందిని కాపాడుతోందని నా నమ్మకం. ఆ అంకెలను పోల్చడానికి 2010లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక ప్రమాణం తెచ్చింది. అయినా ప్లాస్మాలో చేసిన పరీక్షకూ, మొత్తం రక్తంలో చేసినదానికీ తేడా వస్తుంది. ఈ వారం చెన్నైలో, వచ్చే వారం నెల్లూరులో చేయిస్తే వైరస్ నిజంగా పెరిగిందో, ల్యాబు మారడం వల్ల అంకె మారిందో డాక్టరుకు తేలదు. ఊరెళ్లక తప్పకపోతే, అక్కడ ఏ పద్ధతిలో చేస్తారో ముందే కనుక్కుని డాక్టరుకు చెప్పండి.