ఇంట్లో కట్టుకునే వాల్వు గిటార్ యాంప్: అపోహలు, వాస్తవాలు

"ట్యూబ్ యాంప్ కడుతున్నాను, ఒక చోక్ కావాలి" అని అడిగితే మా వీధి చివరి ఎలక్ట్రికల్ షాపాయన ట్యూబ్‌లైట్ చోక్ తీసి కౌంటర్ మీద పెట్టాడు. ఆయన తప్పేమీ లేదు. మా పెదనాన్నతో మాత్రం "వాల్వు" అన్నాను, వెంటనే అర్థమైపోయింది. స్విచ్ వేశాక వార్తలు వినబడటానికి అర నిమిషం పట్టే రేడియో ఉన్న ఇల్లు వాళ్లది. గిటార్ శబ్దాన్ని పెంచే యాంప్‌లో ఉండేవీ ఆ జాతి వాల్వులే; ట్యూబ్ అన్నా, వాల్వు అన్నా ఆ వేడెక్కే గాజు బుడ్డే. ఒకప్పుడు మన భారత్ ఎలక్ట్రానిక్స్ వాళ్లు కూడా ఈఎల్84 లాంటివి తయారుచేశారు. ఇప్పుడు దొరికే కొత్తవి ఎక్కువగా రష్యా, స్లొవేకియా, చైనాల నుంచి వస్తాయి.

నేను హైదరాబాద్‌లో తీరిక దొరికినప్పుడల్లా ఇవి కడుతుంటాను. చర్చి బ్యాండ్లవి, కాలేజీ బ్యాండ్లవి రిపేరు కూడా చేస్తాను. మొదటిసారి కడతామని వచ్చిన వాళ్లందరికీ ఒకే సర్క్యూట్ చెబుతాను: 1950ల నాటి ఫెండర్ కంపెనీ యాంప్ చాంప్, మోడల్ 5ఎఫ్1. గిటార్ సిగ్నల్‌ని ముందుగా పెంచే వాల్వు ఒక 12ఏఎక్స్7, స్పీకర్‌ని నడిపే పవర్ వాల్వు ఒక 6వీ6, ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయర్‌గా ఒక 5వై3, ఒకే ఒక్క వాల్యూమ్ నాబ్. కింద చెప్పేదంతా దాదాపుగా దాని మీదే.

అపోహ: 5 వాట్లు ఏం సరిపోతాయి, కనీసం 50 ఉండాలి

వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్సే. చెవికి రెండింతలు మోగినట్టు అనిపించాలంటే సుమారు పదింతల వాట్లు కావాలి. అంటే 50 వాట్ల యాంప్ ఈ 5 వాట్ల చాంప్ కంటే రెండింతలు మోగుతుంది, అంతే. మామూలు గిటార్ స్పీకర్ ఒక్క వాటుకే మీటరు దూరంలో 97 డెసిబెల్స్ దాకా ఇస్తుంది. 5 వాట్లకు అది 104. మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ మూడంతస్తులు ఎక్కి వచ్చింది ఈ 5 వాట్లకే.

అపోహ: ప్లగ్ పీకేస్తే ఇక షాక్ భయం లేదు

లోపల డీసీని నునుపు చేసే ఫిల్టర్ కెపాసిటర్లలో 300 వోల్టులకు పైనే నిలవ ఉంటుంది. వాల్వులు వేడిగా ఉన్నప్పుడు ఆపితే చాలావరకు వాటి గుండానే దిగిపోతుంది. వాల్వు పీకేసి పరీక్షిస్తున్నప్పుడే అసలు ప్రమాదం, ఎందుకంటే దిగడానికి దారి ఉండదు. మొదటి కెపాసిటర్ మీద 220కే (2,20,000 ఓములు), 2 వాట్ల రెసిస్టర్ ఒకటి శాశ్వతంగా సోల్డర్ చేసేయండి. అది పెట్టినా సరే, చెయ్యి పెట్టే ముందు మీటర్ పెట్టి చూడండి. ఆన్‌లో ఉండగా కొలవాల్సి వస్తే నల్ల ప్రోబ్‌ని క్రొకడైల్ క్లిప్‌తో ఛాసీకి (యాంప్ లోహపు చట్రానికి) తగిలించి, ఎడమ చెయ్యి జేబులో పెట్టుకోండి. పాత రేడియో మెకానిక్‌లు చేసే పని ఇదే.

కొత్తగా కట్టినదానికి మొదటిసారి కరెంటు ఎప్పుడూ సిరీస్ బోర్డు (ముందు ఒక బల్బు గుండా కరెంటు పంపే బోర్డు) మీద నుంచే ఇవ్వాలి. 60 వాట్ల పాతకాలం ఫిలమెంట్ బల్బు కావాలి, ఎల్‌ఈడీ పనికిరాదు. బల్బు ఒక్కసారి వెలిగి మసకబారితే ముందుకెళ్లొచ్చు. వెలుగుతూనే ఉంటే ఎక్కడో షార్ట్ ఉంది, ఆపేయండి.

అపోహ: హమ్ (గుయ్‌మనే శబ్దం) వస్తుంటే ఎర్త్ పిన్ తీసేస్తే పోతుంది

హమ్ పోవచ్చు, మనిషీ పోవచ్చు. గిటార్ తీగలు, జాక్, యాంప్ ఛాసీ అన్నీ ఒకే వైరు. లోపల ఫేజ్ ఛాసీకి తగిలిన రోజు ఆ ఎర్త్ పిన్ ఒక్కటే ఫ్యూజ్‌ని కాలుస్తుంది. అది లేకపోతే తీగల మీద చెయ్యి, మైక్ మీద పెదవి ఉన్నవాడి గుండా కరెంటు దారి వెతుక్కుంటుంది. మన దగ్గర ఇంకో తిరకాసు ఉంది: పాత అద్దె ఇళ్లలో సాకెట్‌కి మూడో రంధ్రం ఉంటుంది గానీ వెనక వైరు ఉండదు. ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య మీటర్‌లో దాదాపు 230 రావాలి. రాకపోతే యాంప్ పక్కన పెట్టి ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

హమ్‌ని పట్టుకోవడానికి గిటారే మంచి మీటర్. మన కరెంటు 50 హెర్ట్జ్. అమెరికా వాళ్లు రాసింది చదివి 60, 120 అని వెతక్కండి, మనకు 50, 100. అన్నిటికంటే లావైన 'E' తీగ మీద మూడో ఫ్రెట్‌లో వచ్చే జీ స్వరం 98 హెర్ట్జ్. యాంప్ గుయ్‌మనే శబ్దం ఆ స్వరానికి దగ్గరగా ఉంటే అది 100: ఫిల్టర్ కెపాసిటర్లో, గ్రౌండ్ వైరింగో చూసుకోవాలి. దానికి ఒక ఆక్టేవ్ కింద బొంగురుగా ఉంటే అది 50: హీటర్ (వాల్వుని లోపల వేడిచేసే ఫిలమెంట్) వైర్లు సరిగ్గా మెలిపెట్టలేదు, లేదా కరెంటు వైరు ఇన్‌పుట్ జాక్ పక్కన పోతోంది. తర్వాత 12ఏఎక్స్7 పీకి చూడండి. అప్పుడూ హమ్ అలాగే ఉంటే దాని మూలం వెనక, పవర్ సెక్షన్‌లో. పోతే ముందు భాగంలో.

100 హెర్ట్జ్ అనగానే మొదటి కెపాసిటర్‌ని 100 మైక్రోఫారడ్‌కి పెంచేస్తారు కొందరు. స్విచ్ వేసిన ప్రతిసారీ దాన్ని నింపలేక పాపం 5వై3 చచ్చిపోతుంది. నేను అక్కడ 22 దాటను, పెంచితే రెండో కెపాసిటర్‌నే పెంచుతాను.

అపోహ: ట్రాన్స్‌ఫార్మర్ ఎవరు చుట్టినా ఒకటే

నేను ఎక్కువ డబ్బు, ఎక్కువ నిద్ర పోగొట్టుకున్నది ఇక్కడే.

చాంప్‌లో ఒకే 6వీ6 కాబట్టి వాల్వుకీ స్పీకర్‌కీ మధ్య ఉండే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ (వాల్వు వైపు చుట్ట) గుండా పాటతో పాటు 40 మిల్లీయాంపుల డీసీ కూడా ఎప్పుడూ ప్రవహిస్తూనే ఉంటుంది. ఆ డీసీకి ఇనుము నిండిపోకుండా కోర్‌లో కాస్త సందు వదలాలి. స్టెబిలైజర్లకూ ఇన్వర్టర్లకూ ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టే షాపుల్లో ఈ పని అలవాటు ఉండదు. వాళ్లు కోర్‌లోని స్టాంపింగుల్ని, అంటే 'E', 'I' అక్షరాల ఆకారంలో ఉండే ఇనుప రేకుల్ని, ఒకటి ఇటు, ఒకటి అటు పేరుస్తారు. కరెంటు ట్రాన్స్‌ఫార్మర్‌కి అదే సరైన పద్ధతి, దీనికి కాదు.

నా మొదటిది అలాగే చుట్టించాను. చుట్లు కరెక్టే, తీగ కరెక్టే. యాంప్ మోగింది కానీ లావు తీగలు వాయిస్తే రేకు డబ్బా మీద కొట్టినట్టుంది. కెపాసిటర్లు మార్చాను, వాల్వు మార్చాను, చివరికి సర్క్యూట్‌నే తిట్టుకున్నాను. ఒక ఆదివారం కూర్చుని బోల్టులు విప్పి, స్టాంపింగులన్నీ ఊడదీసి, 'E' ముక్కలన్నీ ఒకవైపు, 'I' ముక్కలన్నీ ఇంకోవైపు పేర్చి, మధ్యలో ఇన్సులేషన్ కాగితం ముక్క పెట్టి బిగించాను. లావు తీగలకి ప్రాణం వచ్చింది. వైండింగ్ షాపుకి వెళ్లి చూపిస్తే ఆయన నవ్వి, "ముందే చెప్తే నేనే అలా పేర్చేవాణ్ణి కదన్నా" అన్నాడు. నిజమే, నేను చెప్పలేదు. చెప్పడానికి అప్పటికి నాకూ తెలీదు.

చుట్ల నిష్పత్తి తెలుసుకోవడం తేలిక. 6వీ6కి 5,000 ఓములు చూపించాలి, స్పీకర్ 8 ఓములు. 5,000ని 8తో భాగిస్తే 625, దాని వర్గమూలం 25. ప్రైమరీకి 6.3 వోల్టుల ఏసీ ఇస్తే సెకండరీలో (స్పీకర్ వైపు చుట్టలో) పావు వోల్టు రావాలి. షాపు నుంచి తెచ్చిన రోజే, సోల్డర్ చేయకముందే ఇది చూసుకోండి.

అపోహ: సర్క్యూట్ బొమ్మలో ఉన్న విలువలే పెట్టాం కాబట్టి బయాస్ (వాయించకుండా ఉన్నప్పుడు వాల్వు లాగే కరెంటు సెట్టింగ్) చూడక్కర్లేదు

ఆ బొమ్మ గీసినవాళ్ల గోడలో ఉన్న వోల్టేజీ వేరు. మన వైండింగ్ షాపుల్లో అడక్కపోతే 220కి చుట్టేస్తారు. మా ఇంట్లో రాత్రి పది దాటితే మీటర్ 245 చూపిస్తుంది. అప్పుడు 6.3 ఉండాల్సిన హీటర్ వోల్టేజీ 7 అవుతుంది. పది శాతం లోపు తేడా వాల్వు తట్టుకుంటుంది, ఇది ఆ గీత దాటింది. 6వీ6 హీటర్‌కి 0.45 యాంపులు, 12ఏఎక్స్7కి 0.3, కలిపి 0.75. రెండు హీటర్ వైర్లలోనూ చెరొక 0.47 ఓముల, 2 వాట్ల రెసిస్టర్ పెడితే 0.7 వోల్టులు తగ్గి లెక్క మళ్లీ 6.3కి వచ్చేస్తుంది. కొత్తగా చుట్టించేవాళ్లు 230, 250 రెండు ట్యాపులు అడగండి, ఈ గొడవే ఉండదు.

హై వోల్టేజీ సంగతీ అంతే. నా చాంప్‌లో 6వీ6 ప్లేటు (ఎలక్ట్రాన్లు వచ్చి చేరే లోహపు రేకు) దగ్గర 372 వోల్టులు, క్యాథోడ్ (అవి బయలుదేరే చోటు) దగ్గర 22.5 వచ్చాయి. క్యాథోడ్ రెసిస్టర్ 470 ఓములు, కాబట్టి కరెంటు 48 మిల్లీయాంపులు. అందులో వాల్వు లోపలి స్క్రీన్ అనే జాలీది సుమారు 3 తీసేస్తే ప్లేటుది 45. ప్లేటుకీ క్యాథోడ్‌కీ మధ్య 349.5 వోల్టులు. గుణిస్తే 15.7 వాట్లు. 6వీ6 ప్లేటు మోయగలిగింది, డేటాషీట్‌ని బట్టి, 12 నుంచి 14. గదిలో లైటు ఆపి చూస్తే ప్లేటు మధ్యలో సన్నటి ఎర్ర గీత. 470 తీసి 680 పెట్టాను, 13 వాట్ల లోపుకి దిగింది. ఎర్ర గీత మాయం. శబ్దంలో తేడా కనిపెట్టమని మా తమ్ముణ్ణి కూర్చోబెడితే వాడికి తెలియలేదు.

క్యాథోడ్ రెసిస్టర్‌తో వచ్చే ఈ రకం బయాస్‌లో వాల్వు తనని తాను కొంత సర్దుకుంటుంది. పెద్ద యాంపుల్లో ఉండే "ఫిక్స్‌డ్ బయాస్" అలా కాదు, వాల్వు మార్చినప్పుడల్లా చిన్న స్క్రూ తిప్పి సెట్ చేయాలి. ఫిక్స్‌డ్ అంటూ తిప్పడమేంటి అంటారా? నేతి బీరకాయలో నెయ్యి ఉందా!

దారిలో ఇంకోమాట. గాజు లోపలి గోడ మీద నీలి వెలుగు కనిపిస్తే కంగారుపడకండి, అది మామూలే. లోపలి లోహపు ముక్కల మధ్య ఊదారంగు పొగలా కనిపిస్తే గాలి చేరింది, ఆ వాల్వు తీసేయండి.

అపోహ: స్పీకర్ పెట్టకుండా ఓసారి ఆన్ చేసి చూద్దాం, ట్రాన్సిస్టర్ యాంప్‌కి ఏమీ కాదుగా

ట్రాన్సిస్టర్ యాంప్‌కి షార్ట్ శత్రువు, దీనికి ఖాళీ శత్రువు. స్పీకర్ లేకుండా వాయిస్తే ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ మీద వోల్టేజీ వేలల్లోకి ఎగిరి, వాల్వు సాకెట్లో నిప్పురవ్వలు లేస్తాయి. ఒక కుర్రాడు తెచ్చిన యాంప్‌లో సాకెట్ పిన్నుల మధ్య నల్లటి బొగ్గు దారి పడి ఉంది. స్పీకర్ జాక్ వదులై ఊడిపోయినా తెలియక, "సౌండ్ రావట్లేదు" అని వాల్యూమ్ పెంచుతూ పోయాడట. స్పీకర్ లేకపోతే 8 ఓముల, 10 వాట్ల రెసిస్టర్ అయినా తగిలించండి.

అపోహ: స్టాండ్‌బై స్విచ్ లేకపోతే వాల్వులు పాడవుతాయి

ఈ వోల్టేజీల్లో అవసరం లేదు. చాంప్‌లో అసలు ఆ స్విచ్చే లేదు. గంటల తరబడి స్టాండ్‌బైలో వదిలేస్తేనే క్యాథోడ్‌కి నష్టం.

అపోహ: కార్బన్ రెసిస్టర్లు, ఖరీదైన పాతకాలం కెపాసిటర్లు పెడితేనే అసలు టోన్

కార్బన్ కాంపోజిషన్ రెసిస్టర్ ముందుగా ఇచ్చేది టోన్ కాదు, బుస్సుమనే శబ్దం. ఏళ్లు గడిచే కొద్దీ దాని విలువ కూడా పక్కకి జరుగుతుంది. కోఠి గుజరాతీ గల్లీలో దొరికే మెటల్ ఫిల్మ్ చాలు. కెపాసిటర్ విషయంలో 0.022 మైక్రోఫారడ్ అంటే 0.022నే. చూడాల్సింది అది 630 వోల్టులదా, లీక్ అవుతోందా అన్నది. లీకైతే 6వీ6 గ్రిడ్ (సిగ్నల్ వెళ్లే జాలీ) మీదకి డీసీ వచ్చి ప్లేటు ఎర్రబడుతుంది.

"వాల్వు అంటే సరి హార్మోనిక్స్ (మూల స్వరానికి 2, 4, 6 రెట్లుండే స్వరాలు), అందుకే వెచ్చగా ఉంటుంది" అన్నది కూడా ఈ బాపతే. ఒకే పవర్ వాల్వు ఉన్న చాంప్‌లో అది కొంతవరకు నిజం. రెండు వాల్వులు ఎదురెదురుగా పనిచేసే పుష్-పుల్ యాంపుల్లో అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర పవర్ వాల్వుల సరి హార్మోనిక్స్ చాలావరకు రద్దైపోతాయి. జనం మెచ్చే రాక్ యాంపుల్లో ఎక్కువ భాగం ఆ జాతివే.

అపోహ: ట్యూనింగ్ అంటే మంచి మంచి పార్టులు మార్చడం

ముందు, ఆన్ చేయగానే కీచుమని అరిస్తే భయపడకండి. స్పీకర్ నుంచి రెండో స్టేజీ (సిగ్నల్‌ని పెంచే రెండో మెట్టు) క్యాథోడ్‌కి వెళ్లే 22కే రెసిస్టర్ ఫీడ్‌బ్యాక్, అంటే శబ్దంలో కొంత వెనక్కి పంపే దారి, తలకిందులైంది. ఆపి, కెపాసిటర్లు ఖాళీ అయ్యాయని చూసుకుని, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ వైర్లు రెండూ అటూ ఇటూ మార్చండి. తర్వాత ఎండు వెదురు పుల్లతో ఒక్కో వైరునీ మెల్లగా కదపండి. ఎక్కడ చిటపటమంటే అక్కడ సోల్డరింగ్ సరిగా లేదు.

ఆ తర్వాతే చెవి పని. హంబకర్ (రెండు కాయిల్స్ ఉండే పికప్) ఉన్న గిటార్‌తో లావు తీగలు బురదలా వినిపిస్తే, స్టేజీల మధ్య 0.022ని 0.01కో 0.0047కో తగ్గించండి. మొదటి స్టేజీ క్యాథోడ్ మీద 25 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెడితే గెయిన్ (సిగ్నల్ ఎన్ని రెట్లు పెరుగుతుందన్నది) పెరుగుతుంది, దాని బదులు 0.68 పెడితే గెయిన్ పై స్వరాలకే పెరుగుతుంది. 22కే ఫీడ్‌బ్యాక్ తీసేస్తే యాంప్ మొరటుగా, గట్టిగా మారుతుంది. నాకది ఇష్టం, మా తమ్ముడికి కాదు. ఒకసారికి ఒకటే మార్చండి, ఒక రోజు వాయించి నోట్‌బుక్‌లో రాసుకోండి.

ఇవన్నీ చేసే ముందు మాత్రం స్పీకర్ మార్చి చూడండి. గిటార్ స్పీకర్ 5 కిలోహెర్ట్జ్ పైన నిటారుగా పడిపోతుంది, యాంప్ గరగరలో చెవిని కోసే భాగాన్ని అదే మింగేస్తుంది. మ్యూజిక్ సిస్టమ్ స్పీకర్ అలా మింగదు. నేను రెండు వారాలు ఆ గరగరని కెపాసిటర్లతో తగ్గించాలని చూశాను. ఒకరోజు స్నేహితుడి 12 అంగుళాల గిటార్ స్పీకర్‌కి తగిలిస్తే మొదటి కార్డ్‌కే సమస్య తీరిపోయింది. ఆ రెండు వారాల్లో కొన్న కెపాసిటర్లన్నీ ఇప్పటికీ ఒక హార్లిక్స్ సీసాలో ఉన్నాయి.