‘అవి’ నుంచి ‘ఓవ్చ’ పుట్టలేదు: గొర్రె మాట మీద అపోహలు, వాస్తవాలు

అపోహ: సంస్కృతంలో గొర్రె ‘అవి’, రష్యన్‌లో ‘అఫ్చా’. కాబట్టి రష్యన్ సంస్కృతంలోంచే వచ్చింది.

వాస్తవం: రాలేదు. ఈ పుకారును దయచేసి ఇక్కడితో ఆపండి. రష్యన్ కొత్తగా నేర్చుకునేవాళ్లు దీన్ని నమ్మి, ఆపైన చూసే ప్రతి పోలికనూ తప్పుగా అర్థం చేసుకుంటున్నారు.

ముందు ఆ ‘అ’ సంగతి. రాతలో అక్కడున్నది ‘ఒ’. ఊనిక లేని, అంటే నొక్కి పలకని, ‘ఒ’ను రష్యన్లు ‘అ’ అని పలుకుతారు. బహువచనంలో ఊనిక మొదటికి జరగ్గానే అసలు అచ్చు బయటపడుతుంది: ‘ఓఫ్చి’. పోలిష్‌లో ‘ఒఫ్చ’, చెక్‌లో ‘ఒఫ్చె’, సెర్బియన్‌లో ‘ఓవ్చ’. (ఈ ‘చ’ మన ‘చలి’లోది, ‘చిలుక’లోది కాదు.)

ఇక అసలు రుజువు. సంస్కృతం, లాటిన్, రష్యన్ వంటివన్నీ పుట్టిన మూలభాషలోని పాత హ్రస్వాలు ఎ, ఒ, అ సంస్కృతంలో దాదాపుగా ఒకే ‘అ’లో కలిసిపోయాయి. స్లావిక్ (రష్యన్, పోలిష్, చెక్, సెర్బియన్‌ల కుటుంబం) ఎ, ఒ లను విడిగానే ఉంచుకుంది. సంస్కృతం, సెర్బియన్, లాటిన్ వరసగా పెట్టి చూడండి:

దశ – దెసెత్ – దెకెమ్
అష్ట – ఓసమ్ – ఒక్తో
అవి – ఓవ్చ – ఒవిస్

సంస్కృతం నుంచే తీసుకుని ఉంటే ఆ ఒక్క ‘అ’ ఒకచోట ‘ఎ’గా, మరోచోట ‘ఒ’గా, అదీ సరిగ్గా లాటిన్‌తో కుదిరేలా ఎలా విడిపోతుంది? మహా పండితులూ ఇక్కడ పొరబడ్డారు. 1868లో జర్మన్ భాషావేత్త ష్లైహర్ ఆ మూలభాషను ఊహించి అందులో కథ అల్లినప్పుడు గొర్రెను ‘అవిస్’ అన్నాడు. మరో జర్మన్ భాషావేత్త హిర్ట్ అదే కథను సవరించి రాసిన 1939 నాటి పాఠంలో అది ‘ఒవిస్’ అయింది.

సంస్కృతం తల్లి కాదనగానే మనసు కష్టపెట్టుకునేవాళ్లున్నారు. అక్కర్లేదు, చుట్టరికం చాలా దగ్గరిది. ఋగ్వేదంలో (1.126.7) గంధారుల ఆడగొర్రె ‘అవికా’. స్లావిక్ మాట పాతరూపం చివరా ఇదే ‘ఇకా’. ‘ఇ’ తర్వాతి ‘క’ అక్కడ దంత్య ‘చ’గా మారింది, ఆ ‘ఇ’ తర్వాత రాలిపోయింది. మన ‘గొర్రె’ వేరే ఇంటిది, కన్నడ ‘కురి’కి చుట్టం.

మిగతావి టూకీగా.

స్లావిక్ భాషలన్నిటా ఒకేలా పలుకుతారా? లేదు. ఉక్రేనియన్‌లో ‘వివ్చ్యా’, బెలారుషన్‌లో ‘అవెచ్క’.

రష్యన్ ‘అఫ్చార్కా’ గొర్రె కాదు, మందను కాసే కుక్క.

మాంసానికి రష్యన్, పోలిష్ మెనూల్లో ‘బరానినా’ అని వెతకండి. అది పొట్టేలు ‘బరాన్’ నుంచి వచ్చింది. చెక్‌లో ‘స్కొపొవె’, విత్తులు కొట్టిన పొట్టేలు పేరు మీద.

రష్యన్‌లో అయిదు గొర్రెలంటే ‘ప్యాత్ అవ్యెత్స్’. ‘ప్యాత్ ఓఫ్చి’ తప్పు. ఆడమనిషిని మాత్రం ‘అఫ్చా’ అనకండి, అది తిట్టు.