జబర్, జేర్ లేని అరబిక్ చదివేదెలా: అపోహలు - వాస్తవాలు

అరబిక్ పాఠాలు చెప్పేవాళ్లందరి చెవినా పడే మాటలే ఇవి. ఎక్కువగా తల్లిదండ్రులు అంటుంటారు, అప్పుడప్పుడు టీచర్లు కూడా.

అపోహ: ఖురాన్ ధారాళంగా ఓదితే అరబిక్ చదవడం వచ్చేసినట్టే.

వాస్తవం: నాజిరా (ఖురాన్ చూసి చదవడం) పూర్తిచేసిన పిల్లల ఉచ్చారణ వినడానికి ముచ్చటగా ఉంటుంది. కానీ వాళ్లు చదివే ప్రతుల్లో జబర్ (అ), జేర్ (ఇ), పేష్ (ఉ) అనే అచ్చుల గుర్తులన్నీ వేసి ఉంటాయి. అదే పిల్లల చేతికి అరబిక్ దినపత్రిక ఇవ్వండి, మొదటి వరుసలోనే ఆగిపోతారు. పత్రికల్లో, నవలల్లో, దుకాణాల బోర్డుల మీద ఆ గుర్తులు మామూలుగా వేయరు. అరబ్ దేశాల బడుల్లోనూ పై తరగతులకు వెళ్లేకొద్దీ తీసేస్తారు.

అపోహ: గుర్తులు లేకపోతే ఇక ఊహించుకోవాల్సిందే.

వాస్తవం: దానికో లెక్క ఉంది. అరబిక్ మాటల్లో ఎక్కువ భాగానికి మూడు హల్లుల ధాతువు ఆధారం. దాన్ని ఒక మూసలో పోస్తే మాట తయారవుతుంది. ఆ మూసను వజ్న్ అంటారు. దాల్, రే, సీన్ (ద, ర, స) అంటే చదువు వ్యవహారం. చోటును చెప్పే మూసలో పోస్తే మద్రసా, అంటే బడి. పనిచేసే మనిషిని చెప్పే మూసలో పోస్తే ముదర్రిసా, అంటే పంతులమ్మ. గుర్తులు తీసేస్తే రెండూ కాగితం మీద అచ్చం ఒకటే: మీమ్, దాల్, రే, సీన్, చివర గుండ్రటి తే. వజ్న్‌లు తెలిసిన పిల్లలకు ఇక్కడ రెండు దారులే కనిపిస్తాయి, పక్కమాట చూసి ఒకటి తేల్చుకుంటారు. తెలియనివాళ్లు అక్షరం అక్షరానికీ ఏ స్వరం పెట్టాలా అని తడుముకుంటారు. మక్తబా (లైబ్రరీ), మహ్కమా (కోర్టు) చదవడం వచ్చినవాళ్లు మజ్రఆ (పొలం) ముందెన్నడూ చూడకపోయినా సరిగ్గానే పలుకుతారు. మన రెవెన్యూ రికార్డుల్లోని మజరా గ్రామం అనే మాట అక్కడి నుంచి వచ్చిందే.

అపోహ: ధాతువు దొరికితే అర్థం దొరికినట్టే.

ఇది సగమే నిజం. ఖాఫ్, లామ్, బే నుంచి ఖల్బ్ (గుండె) వచ్చింది, మనందరికీ తెలిసిన ఇంక్విలాబ్ (విప్లవం) కూడా వచ్చింది. ఆ లెక్కన ఇంక్విలాబ్‌ను గుండెపోటు అనుకుంటే అంతే సంగతులు! అర్థం వేరైనా ధాతువు మాత్రం పనికొస్తుంది. మాటల్ని మెదడు ఎలా గుర్తుపడుతుందో పరిశోధించిన సామీ బుదెలా, విలియం మార్స్‌లెన్-విల్సన్ ప్రయోగాల్లో అదే ధాతువున్న మాట ముందుగా కనబడితే, అర్థం దూరమైనదైనా సరే, పాల్గొన్నవాళ్లు రెండో మాటను త్వరగా గుర్తుపట్టారు.

అపోహ: సర్ఫ్ (మాటలు తయారయ్యే తీరు) పెద్ద క్లాసుల వ్యాకరణం, చిన్నపిల్లలకెందుకు?

వాస్తవం: పిల్లలకు బరువయ్యేది "ఫఅల, ఫఅలా, ఫఅలూ" అంటూ పట్టికలు బట్టీ పట్టించడం. మాటను విప్పి చూపిస్తే చిన్నవాళ్లూ హుషారుగా చేస్తారు. "వబికితాబిహిమ్" అని కలిపి రాసి ఉంటుంది. ముందున్న వ, బి తీయండి, చివరి హిమ్ తీయండి. మిగిలింది కితాబ్. "వాళ్ల పుస్తకంతోనూ" అని వాళ్లే చెబుతారు. ఆ తర్వాత అదనపు అక్షరాల వంతు. ధాతువుకు అదనంగా చేరేవి పది, వాటిని "సఅల్తుమూనీహా" అనే ఒక్క మాటలో ఇమిడ్చి పెట్టారు పాత పండితులు.

చిక్కు ఎక్కడంటే, ఆ పదీ ధాతువులోనూ ఉండొచ్చు. మక్తబ్ (ఆఫీసు)లో మీమ్ అతికించింది, మలిక్ (రాజు)లో మీమ్ ధాతువుదే. పిల్లలు తడబడేది ఇక్కడే, నేను ఎక్కువ పీరియడ్లు పెట్టేదీ ఇక్కడే. ఖాల (అన్నాడు), యఖూలు (అంటాడు) లాగా నడిమి అక్షరం వేషం మార్చే ధాతువులను మాత్రం మొదటి ఏడాది ముట్టుకోను.