పాట ఫోన్లోకి ఎందుకు ఎక్కదు?

ఒకప్పుడు కోఠిలోనో అబిడ్స్‌లోనో మొబైల్ షాపుకి వెళ్లి మెమరీ కార్డు చేతికిస్తే, కాసేపట్లో దాని నిండా పాటలు ఎక్కించి ఇచ్చేవాళ్లు. కార్డును రీడర్లో పెట్టడం, ఫోల్డర్‌ని కాపీ చేసి అందులో పడేయడం, అంతే పని. ఇప్పుడు చాలా ఫోన్లలో కార్డు పెట్టే చోటే లేదు. పాట ల్యాప్‌టాప్‌లో ఉంటుంది, ఫోన్ పక్కనే ఉంటుంది, మధ్యలో వైరు కూడా ఉంటుంది. అయినా పాట అటు వెళ్లదు. లేదా వెళ్లినట్టే చూపిస్తుంది, తీరా ఫోన్లో వెతికితే కనబడదు. కనబడినా పేరు ఉండాల్సిన చోట ప్రశ్నార్థకాలూ ఖాళీ డబ్బాలూ ఉంటాయి.

సినిమా పాటైతే ఇంత టెన్షన్ పడక్కర్లేదు, ఏదో ఒక యాప్‌లో దొరుకుతుంది. అమ్మమ్మ పాడిన బతుకమ్మ పాటలు, ఊళ్లో చెప్పించిన హరికథ, టేపులో పట్టిన తాతయ్య గొంతు ఏ యాప్‌లోనూ దొరకవు. క్యాసెట్ల నుంచి కంప్యూటర్లోకి మార్చుకున్న ఇలాంటి రికార్డింగులకు చాలాసార్లు ఒక్క కాపీయే ఉంటుంది. అందుకే లోపల ఏం జరుగుతోందో తెలియకుండా కనబడిన బటనల్లా నొక్కకూడదు. లోపల జరిగేది అర్థం చేసుకోవడం అంత కష్టమూ కాదు.

పాట ఫోన్లో ఉండటం వేరు, ఫోన్‌లోని మ్యూజిక్ యాప్‌కి ఆ పాట సంగతి తెలియడం వేరు. అఫ్జల్‌గంజ్ స్టేట్ సెంట్రల్ లైబ్రరీలో ఒక పుస్తకం బీరువాలో భద్రంగా ఉన్నా, క్యాటలాగులో దాని వివరం ఎక్కకపోతే అడిగినవాళ్లకు ఆ పుస్తకం లేనట్టే. ఆండ్రాయిడ్ ఫోన్లో ఆ క్యాటలాగు పేరు మీడియాస్టోర్. ఫోన్లోని ఆడియో, వీడియో, ఫొటోల వివరాలన్నీ దాచిపెట్టే డేటాబేస్ అది. మ్యూజిక్ యాప్‌లు చాలావరకు ఫోల్డర్లన్నీ గాలించవు, ఈ పట్టికనే అడుగుతాయి. కొత్త ఫైలు వచ్చినప్పుడు ఒక స్కానర్ దాన్ని తెరిచి, పాట పేరు, పాడినవాళ్లు, నిడివి చదివి పట్టికలో రాసుకుంటుంది. ఆ రాసుకోవడం జరగకపోతే పాట ఉన్నా లేనట్టే.

కాబట్టి పాట కనబడనప్పుడు మొదట ఫోన్‌లోని ఫైల్స్ యాప్ తెరిచి, పాట వేసిన ఫోల్డర్లోకే వెళ్లి చూడండి. అక్కడ ఫైలు ఉండి, నొక్కితే మోగిందంటే వైరులోనూ ఫైల్లోనూ తప్పు లేదు. పట్టిక వెనకబడిందంతే. ఫోన్ ఒకసారి ఆపి ఆన్ చేస్తే చాలాసార్లు సర్దుకుంటుంది. అప్పటికీ కనబడకపోతే ఆ ఫోల్డర్లో ‘డాట్ నోమీడియా’ అనే ఫైలు ఉందేమో చూడాలి. చుక్కతో మొదలయ్యే పేర్లు మామూలుగా దాగి ఉంటాయి కనుక, ‘హిడెన్ ఫైల్స్ చూపించు’ అనే సెట్టింగ్ ఆన్ చేయాల్సి ఉంటుంది. ఈ ఫైల్లో సాధారణంగా ఏమీ ఉండదు. అది ఉన్న ఫోల్డర్‌ని పట్టికలోకి ఎక్కించొద్దని స్కానర్‌కి చెప్పడమే దాని పని. ఊరి నుంచి పిన్ని వాట్సాప్‌లో వాయిస్ నోట్‌గా పంపిన పాట మ్యూజిక్ యాప్‌లో కనబడకపోవడానికి తరచుగా ఇదే కారణం. ఆ పాటను వేరే ఫోల్డర్లోకి కాపీ చేసుకుంటే సరిపోతుంది.

ఫైల్స్ యాప్‌లో కూడా లేదంటే పాట దారిలోనే ఆగిపోయింది. అప్పుడు వందల పాటలతో కుస్తీ పట్టొద్దు. పేరంతా ఇంగ్లిష్ అక్షరాల్లో, పొట్టిగా ఉన్న ఒక్క ఎంపీ3 తీసుకుని, ఫోన్‌లోని ‘మ్యూజిక్’ ఫోల్డర్లో వేసి చూడండి. అది వెళ్లి మోగితే తప్పు మీ పాత ఫైళ్లలో ఉంది. వెళ్లకపోతే తప్పు దారిలో ఉంది. సగం వెతుకులాట ఈ ఒక్క పరీక్షతో తగ్గిపోతుంది.

దారి అంటే మొదట వైరు. మామూలు యూఎస్‌బీ 2.0 కేబుల్లో ముఖ్యంగా నాలుగు తీగలుంటాయి. రెండు కరెంటుకి, రెండు డేటాకి. చవక చార్జర్లతోనూ పవర్ బ్యాంకులతోనూ వచ్చే కొన్ని కేబుళ్లలో డేటా తీగలు అసలు ఉండవు. ఫోన్ చార్జ్ అవుతుంది కాబట్టి వైరు బాగానే ఉందనుకుంటాం. కంప్యూటర్‌కి మాత్రం అక్కడ ఫోన్ ఉన్నట్టే తెలియదు. షాపులో అడిగేటప్పుడు ‘డేటా కేబుల్’ అని గట్టిగా చెప్పి తీసుకోవాలి.

వైరు మంచిదైనా ఫోన్ ఒప్పుకోవాలి. పాత ఆండ్రాయిడ్ ఫోన్లు కంప్యూటర్‌కి తగిలించగానే పెన్‌డ్రైవ్‌లా పనిచేసేవి. ఆ పద్ధతిలో ఫోన్ తన నిల్వను మొత్తంగా కంప్యూటర్ చేతికి అప్పగించేది. ఆ కాసేపు ఫోన్‌లోని యాప్‌లకు అక్కడున్నదేదీ అందేది కాదు. ఒకే నిల్వ మీద ఇద్దరూ ఒకేసారి రాస్తే ఫైల్ సిస్టం పాడవుతుంది కనుక అది తప్పనిసరి ఏర్పాటు. 2011లో వచ్చిన ఆండ్రాయిడ్ 3.0తో ఎంటీపీ అనే పద్ధతి మొదలైంది. డిజిటల్ కెమెరాల కోసం పుట్టిన పీటీపీ మీద మైక్రోసాఫ్ట్ దీన్ని కట్టింది, 2008లో యూఎస్‌బీ ప్రమాణాల్లో చేరింది. ఇందులో కంప్యూటర్ ఫోన్ నిల్వను నేరుగా ముట్టుకోదు. ఫలానా పేరుతో, ఇంత సైజుతో ఫైలు పంపుతున్నానని చెబుతుంది. తీసుకుని రాసుకునేది ఫోనే. భద్రత పెరిగింది కానీ వేగం తగ్గింది, పైగా ఫోన్‌కి ‘వద్దు’ అనే హక్కు వచ్చింది. ఫోన్ లాక్‌లో ఉంటే కంప్యూటర్లో దాని పేరు కనిపిస్తుంది గానీ లోపల ఖాళీగా ఉంటుంది. ఆండ్రాయిడ్ 6.0 నుంచి వైరు పెడితే మొదట చార్జింగ్ మాత్రమే జరుగుతుంది. లాక్ తీసి, నోటిఫికేషన్ కిందికి లాగి ‘ఫైల్ ట్రాన్స్‌ఫర్’ ఎంచుకుంటేనే తలుపు తెరుచుకుంటుంది. మ్యాక్‌లో అయితే ఎంటీపీ కోసం విడిగా యాప్ వేసుకోవాలి. వేల పాటలు ఒకేసారి పంపినా మధ్యలో ఆగిపోతుంటుంది, ఫోల్డర్ తర్వాత ఫోల్డర్‌గా పంపడం మేలు.

ఇక ఫైలు సంగతి. సీడీలో శబ్దాన్ని ప్రతి సెకనుకూ 44,100 సార్లు కొలిచి, ఒక్కో కొలతనూ 16 బిట్లలో, రెండు చానెళ్లకూ విడివిడిగా రాస్తారు. అంటే సెకనుకు 14 లక్షల బిట్లకు పైమాటే, నిమిషానికి దాదాపు 10 మెగాబైట్లు. జర్మనీలోని ఫ్రౌన్‌హోఫర్ సంస్థ పరిశోధకులు ముఖ్యపాత్ర పోషించి రూపొందించిన ఎంపీ3, పెద్ద శబ్దం పక్కన చెవికి అందని చిన్న శబ్దాలను తగ్గించి రాయడం ద్వారా దీన్ని నిమిషానికి ఒక మెగాబైట్ దాకా దించింది. ఫైలు పేరు చివర ‘డాట్ ఎంపీ3’ ఉండాలని అక్కడివాళ్లు నిర్ణయించుకున్నది 1995 జులైలో. తర్వాత ఏఏసీ, ఫ్లాక్, డబ్ల్యూఎంఏ, ఓపస్ అంటూ చాలా రకాల ఆడియో ఫైళ్లు వచ్చాయి. అన్ని ఫోన్లకూ అన్నీ రావు. డబ్ల్యూఎంఏకి ఆండ్రాయిడ్‌లో సొంత మద్దతు లేదు. ఐఫోన్‌లోని మ్యూజిక్ యాప్‌లోకి ఫ్లాక్ సింక్ కాదు. ‘డాట్ ఎం4ఏ’ అనే ఒకే తోక వెనక ఏఏసీ ఉండొచ్చు, శబ్దం ఏమీ పోగొట్టని ఆపిల్ లాస్‌లెస్ ఉండొచ్చు. అందుకే ఒకే ఆల్బంలో ఒక పాట మోగి పక్కది మోగదు.

పేరు చివరి తోక మార్చినంత మాత్రాన లోపలి సరుకు మారదు. ‘డాట్ డబ్ల్యూఎంఏ’ తీసేసి ‘డాట్ ఎంపీ3’ అని రాసుకున్న పాటలు పాత హార్డ్‌డిస్కుల్లో కొల్లలుగా ఉంటాయి. అసలు రకం తెలుసుకోవాలంటే ఆ ఫైలుకి ఒక కాపీ తీసి, కాపీని నోట్‌ప్యాడ్‌లో తెరవండి. అంతా పిచ్చి అక్షరాలే ఉంటాయి గానీ మొట్టమొదటి గుర్తులు చూడండి. ఐ, డీ, 3 అని ఉంటే చాలావరకు అది ఎంపీ3. ఎఫ్, ఎల్, ఏ, సీ అని ఉంటే ఫ్లాక్. ఓ, జీ, జీ, ఎస్ అని ఉంటే ఆగ్ అనే పెట్టె లాంటి ఫైలు, వాట్సాప్ వాయిస్ నోట్లు ఇందులోనే వస్తాయి. ఆర్, ఐ, ఎఫ్, ఎఫ్ అంటే బహుశా వేవ్ ఫైలు. తెరిచింది సేవ్ చేయకుండా మూసేయాలి, లేదంటే ఆ కాపీ చెడిపోతుంది. రకం తెలిశాక కన్వర్టర్‌తో నిజంగా మార్చుకోవచ్చు. ఎంపీ3ని ఏఏసీగా, దాన్ని మళ్లీ ఎంపీ3గా మారిస్తే మార్చిన ప్రతిసారీ శబ్దం ఇంకొంత పోతుంది. శబ్దం పోకుండా దాచే వేవ్ లేదా ఫ్లాక్ ఉంటే ఎప్పుడూ దాని నుంచే మార్చాలి. స్ట్రీమింగ్ యాప్‌లలో ‘డౌన్‌లోడ్’ చేసిన పాటలు తాళం వేసిన ఫైళ్లు, ఆ యాప్ బయట అవి మోగవు. వాటి గురించి తల బద్దలు కొట్టుకోవడం వృథా.

తెలుగువాళ్లం ప్రత్యేకంగా పట్టించుకోవాల్సింది పేర్లు. పాట పేరు, పాడినవాళ్ల పేరు ఫైల్లోనే ఒక మూల రాసి ఉంటాయి, వాటిని ట్యాగులంటారు. 1996లో వచ్చిన మొదటి ఐడీ3 ట్యాగు ఫైలు చివర 128 బైట్లు తీసుకుంటుంది. అందులో పాట పేరుకి దక్కింది 30 బైట్లు. ఇంగ్లిష్‌కి అది 30 అక్షరాలు. అన్ని భాషల అక్షరాలకూ నంబర్లిచ్చే ప్రమాణం యూనికోడ్, ఆ నంబర్లను బైట్లుగా రాసే ఒక పద్ధతి యూటీఎఫ్-8. అందులో తెలుగు గుర్తు ఒక్కోదానికి మూడు బైట్లు పడుతుంది. గుణింతం, వత్తు కూడా విడివిడి గుర్తులే. ‘శ్రీ’ అంటే శ, పొల్లు, ర, దీర్ఘం కలిపి నాలుగు గుర్తులు, 12 బైట్లు. ‘బతుకమ్మ పాటలు’ అన్న పేరుకి 37 బైట్లు కావాలి. పాత సాఫ్ట్‌వేర్ దీన్ని 30 బైట్ల గదిలో కుక్కితే ‘బతుకమ్మ పా’ దాకా 28 బైట్లు సరిపోతాయి, మిగిలిన రెండింటిలో ‘ట’ ఇమడదు. సగం తెగిన ఆ ‘ట’ స్క్రీన్ మీద ప్రశ్నార్థకంగానో డబ్బాగానో కనిపిస్తుంది. దీనికి విరుగుడు తేలికే. ట్యాగులు దిద్దే సాఫ్ట్‌వేర్‌తో పేరు మళ్లీ యూనికోడ్‌లో టైపు చేసి, ఐడీ3 వెర్షన్ 2.3గా సేవ్ చేస్తే ఇప్పటి ఫోన్లు దాదాపు అన్నీ సరిగ్గా చదువుతాయి. యూనికోడ్ రాకముందు డీటీపీ ఫాంట్లతో కొట్టిన పేర్లను మాత్రం చేత్తో మళ్లీ టైపు చేసుకోవడమే నయం.

ఫైలు పేరుతో ఇంకో చిక్కు ఉంది. ఆండ్రాయిడ్ నిల్వలో పేరుకి హద్దు 255 బైట్లు. విండోస్‌లోనూ 255 అనే అంటారు గానీ అక్కడ లెక్క బైట్లలో కాదు. తెలుగు గుర్తు అక్కడ ఒకటిగానే లెక్కకొస్తుంది. అంటే ల్యాప్‌టాప్‌లో హాయిగా ఇమిడిన పేరు ఫోన్ దగ్గరికొచ్చేసరికి 85 గుర్తులు దాటితే ఆగిపోతుంది. గుణింతాలూ వత్తులూ కలుపుకుంటే కంటికి నలభై యాభై అక్షరాల్లా కనిపించే పేరు చాలు. పాట, పాడినవాళ్లు, ఊరు, పండగ, సంవత్సరం అన్నీ పేరులోనే రాసుకునే అలవాటున్నవాళ్లకు ఇది తగులుతుంది. ఫైలు పేరు పొట్టిగా ఉంచి, మిగతా వివరాలు ట్యాగుల్లో రాసుకోవాలి. ప్రశ్నార్థకం, కోలన్ లాంటి గుర్తులు కూడా పేరులో వద్దు.

అన్నిటికంటే సూక్ష్మమైనది ఐత్వం. ‘రైతు’లోని ‘ై’ని యూనికోడ్‌లో ఒకే గుర్తుగా రాయొచ్చు, ఎత్వం కింద మరో గుర్తు చేర్చి రెండుగానూ రాయొచ్చు. కంటికి తేడా తెలియదు. పాత మ్యాక్‌ల హెచ్ఎఫ్ఎస్ ప్లస్ ఫైల్ సిస్టం పేర్లను రెండో పద్ధతిలో విడగొట్టి దాచేది. బైట్లను పోల్చే సింక్ సాఫ్ట్‌వేర్‌కి అవి రెండు వేరువేరు పేర్లు. అందుకే ‘రైతు పాటలు’ ఉన్న చోటే మళ్లీ ఇంకో ‘రైతు పాటలు’ వచ్చి కూర్చుంటుంది. ఏది పాతది, ఏది కొత్తది అని నిడివి, సైజు చూసి తేల్చుకున్నాకే ఒకదాన్ని తీసేయాలి.

ఐఫోన్ దగ్గర కథ వేరు. అక్కడ సింక్ అంటే కంప్యూటర్‌లోని లైబ్రరీ ఎలా ఉందో ఫోన్‌ని అలా మార్చడం. లైబ్రరీలో తీసేస్తే ఫోన్లోనూ పోతుంది. ఫోన్‌లో ‘సింక్ లైబ్రరీ’ ఆన్‌లో ఉంటే పాటలు క్లౌడ్ నుంచి వస్తాయి, వైరు ద్వారా మ్యూజిక్ సింక్ జరగదు. కంప్యూటర్లో పాట పక్కన ఆశ్చర్యార్థకం కనబడితే, పాట ఉండాల్సిన చోట లేదని అర్థం. బయటి హార్డ్‌డిస్కు నిన్న ‘ఈ’ డ్రైవ్‌గా ఉండి ఇవాళ ‘ఎఫ్’గా మారినా ఇలాగే అవుతుంది. డ్రైవ్‌కి పాత అక్షరం తిరిగి ఇస్తే పాటలన్నీ ఒక్కసారిగా దొరుకుతాయి. కొత్త ల్యాప్‌టాప్‌కి తగిలించినప్పుడు, ఈ ఫోన్ వేరే లైబ్రరీతో సింక్ అయి ఉంది, తుడిచేసి దీనితో సింక్ చేయమంటారా అని అడుగుతుంది. అక్కడ ఆగండి. ‘అవును’ అంటే పాత కంప్యూటర్ నుంచి ఎక్కించిన పాటలు ఫోన్లోంచి పోతాయి. ఆ పాత కంప్యూటర్ ఇంకా పనిచేస్తుంటే, పాటల ఫోల్డర్ని ముందు అక్కడి నుంచి హార్డ్‌డిస్కులోకి కాపీ చేసి, కొత్త లైబ్రరీలో చేర్చి, నాలుగైదు పాటలు చివరిదాకా మోగించి చూసుకున్నాకే ఆ బటన్ నొక్కండి.